పేరు చెప్పి వాడుకోవచ్చు

ఆ పుస్తకం అచ్చుకు పోయేసరికి నాకు దాని పేరు వింటేనే అలసట వచ్చేది. శామీర్‌పేట చెరువు మీద బతికే చేపలోళ్ళ గురించి రాసిన పుస్తకం అది. మేడ్చల్ దగ్గర ఒక కాలేజీల సోషియాలజీ చెప్పుకుంట, ఆదివారాలు, ఎండకాలం సెలవులు అన్నీ ఆ కట్ట మీదనే గడిపి రాసిన. బయటి దేశపు యూనివర్సిటీ ఒకటి మాతోని కలిసి చేసిన ప్రాజెక్టు. పైసలు ఆ దేశపు సర్కారువి. జనం కట్టిన పన్నులతోని చేసిన పని జనానికి ఉత్తగనే అందాలె అని వాళ్ళ రూలు. పుస్తకం బజార్ల అమ్మితే అమ్ముకోవచ్చు గని, మొత్తం పుస్తకాన్ని ఇంటర్నెట్‌ల కూడా పెట్టాలె. ఎవరైనా, ఏ ఊరోళ్ళైనా తెరిచి చదువుకోవచ్చు.

ఆ రూలు నాకు నచ్చింది. నేను చదువుకునే రోజులల్ల ఒక పుస్తకం కోసం రావల్కోల్ నుంచి బస్సులు మారి సిటీల లైబ్రరీకి పోయేదాన్ని. పోతే, అది ఎవరో పట్టుకపోయిన్రు, వచ్చే వారం రమ్మనేటోళ్ళు. వచ్చే వారం కూడా అదే మాట. బయట కొందామంటే మా నాయిన నెల ఖర్చంత ధర ఉండేది. అందుకే ఉత్తగ దొరికే పుస్తకం అంటే నాకు ఇప్పటికీ మనసు మెత్తబడుతది.

నచ్చనిది ఆ రూలు ఎంబడి వచ్చిన ఒప్పందం. చదువుకునుడే కాదు, అందులోది ఎవరైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రాసినోళ్ళ పేరు చెప్తే చాలు. దాన్ని ఓపెన్ లైసెన్స్ అంటరు. ఒక్కసారి ఇచ్చినంక వాపస్ తీసుకునుడు లేదు. నేను పబ్లిషర్లకు మెయిల్ రాసి అడిగిన. రాత సంగతి సరే, ఇందులో మనుషుల ఫొటోలున్నయి, వాటిని ఈ లైసెన్స్‌కెల్లి పక్కకు పెట్టొచ్చా అని. కొన్ని దినాలకు జవాబు వచ్చింది. వేరేటోళ్ళ ఫొటోలైతే పక్కకు పెట్టొచ్చు, ఇవి మీరు తీసినవే కదా, మీవే కదా అని. తీసింది నేనే గని మొఖాలు నావి కావు అని మళ్ళ రాసిన. అట్లయితే వేరే అర్జీ పెట్టాలె, కారణాలు రాయాలె, కమిటీ కూసొని చూడాలె, అంతల గడువు దాటిపోతది అన్నరు. గడువు దాటితే ప్రాజెక్టు లెక్కల ఆ పుస్తకం లేనట్టే. అవతలి దేశంల నాతోని కలిసి రాసిన ప్రొఫెసర్ అప్పటికే సంతకం పెట్టింది. నేను కూడా పెట్టిన.

ఫొటోలన్నిట్ల బాగొచ్చింది ఒక ఆలుమొగలది. వానకాలం పొద్దుగాల తీసిన. చెరువు నిండి మత్తడి దుంకుతాంది. ఇద్దరు కలిసి ఒడ్డుకు వల గుంజుతున్నరు. ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళల్ల ఉన్నడు, ఆమె కట్ట రాళ్ళ మీద కాలు తన్నిపెట్టి నిలబడ్డది. నేను కెమెరా ఎత్తంగనే ఆమె మొఖం గంభీరంగ పెట్టింది, పాస్‌పోర్టు ఫొటోకు కూసున్నట్టు. ఆయన వల ఇడువకుంటనే ఆమె దిక్కు మర్లి, "జర నవ్వరాదే, నీ పండ్లు సూసి సేపలేం బెదరవుగని" అన్నడు. ఆమెకు నవ్వు ఆగలేదు. అప్పుడు తీసిన ఫొటో.

పుస్తకంల వేస్తానని ఇద్దర్నీ అడిగే తీసిన. యూనివర్సిటీ ఇచ్చిన ఒప్పుదల కాయితం తెలుగుల చదివి వినిపించిన. ఆయన సంతకం చేసిండు. ఆమె, పుస్తకంలనే కదా, ఎవలు సూస్తరు అనుకుంట వేలిముద్ర వేసింది.

పుస్తకం రాకముందే ఆయన పోయిండు. గుండెల నొస్తుందంటే మేడ్చల్ దవాఖానకు తీస్కపోతాంటే, తొవ్వలనే పానం పోయిందట. నేను పుస్తకం పట్టుకొని వాళ్ళింటికి పోయేసరికి గోడకు ఆయన ఫొటో, దానికి దండ ఉన్నయి. ఆధార్ కార్డు మీది ఫొటోను పెద్దగ చేయించిన్రు. అందుల ఆయన ఎవరో బెదిరిచ్చినట్టు ఉన్నడు. ఇంట్ల అంతకన్న మంచి ఫొటో లేదన్నరు. నేను పుస్తకంల ఆ పేజీ తీసి ఇస్తే ఆమె ఒళ్ళె పెట్టుకొని ఎంతసేపో చూసింది. వాళ్ళ కోడలు తుర్కపల్లి దిక్కు ఒక మందుల కంపెనీల పనిచేస్తది, డిగ్రీ చదివింది. పుస్తకం ఫోన్ల కూడా వస్తదంటే అక్కడికక్కడనే దించుకొని, ఆ ఫొటో పెద్దగ చేసి, ఆయన మొఖం ఒక్కటే తెర నిండా వచ్చేటట్టు అత్తకు చూపించింది. ఆ ఒక్క పొద్దు, అంత విసుగుల కూడా, గా రూలు చేసినోళ్ళు చల్లగుండాలె అనుకున్న.

లింకు నేను కూడా అందరికీ పంపిన. మా రావల్కోల్ కుటుంబపోళ్ళ వాట్సాప్ గ్రూపుల పెట్టిన. పూలగుత్తుల బొమ్మలు, దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చినయి. చదివిన్రా అంటే, ఎవరూ చదివి ఉండరనే అనుకున్న.

ఎండలు ముదిరినంక ఒక నాడు క్లాసుల ఉండంగ ఫోన్ వచ్చింది. బయటికొచ్చి చేసిన. కోడలు ఫోన్ ఎత్తి అత్త చేతికిచ్చినట్టున్నది.

"మేడమ్, నా బొమ్మ రోడ్డు మీద పెట్టిన్రంట. నువ్వు పెట్టిచ్చినవా?"

నేను పెట్టలేదక్కా అన్న. యాడ అంటే రింగురోడ్డు దిగేకాడ అన్నది. ఇంకేం అడుగలేదు, ఫోన్ పెట్టేసింది.

కాలేజీ అయినంక అటు పోయిన. ఆటో దిగకముందే కనబడ్డది. అది విల్లాల ప్రచారం. ఎనుక తెల్లటి ఇండ్లు, నడుమ నీలిరంగు నీళ్ళు, ముందట ఆమె. "చెరువు గాలి, చల్లని బతుకు" అని పెద్ద పెద్ద అక్షరాలు. నవ్వు అదే నవ్వు. కని పక్కన ఆయన లేడు. వల కూడా లేదు. ఆమె చేతులు వల గుంజుతున్నట్టు కనబడకుంట మోచేతుల కాడ కత్తిరించి, చీర రంగు పెంచి నిలబెట్టిన్రు. ఊరికెనే, ఆ ఇండ్లను చూసి మురిసిపోయినట్టు నవ్వుతుంది. కింద ఒక మూలకు, కండ్లు చిట్లించుకుంటెగని కనబడని అక్షరాలల్ల నా పేరు, పుస్తకం పేరు ఉన్నయి.

మొదలైతే కోపం కూడా రాలేదు. అక్కడి దిమ్మె మీద కూసున్న. లైసెన్స్‌ల ఉన్న ముక్కలు ఒక్కొక్కటే యాదికొచ్చినయి. తీసుకోవచ్చు అన్నరు, తీసుకున్నరు. కత్తిరించుకోవచ్చు అన్నరు, కత్తిరించుకున్నరు. పేరు చెప్పాలె అన్నరు, చెప్పిన్రు. ఆ కాయితం ప్రకారం పోతే ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

ఆమె చేపలు అమ్మేది చెరువు పక్కపొంటి రోడ్డు మీదనే, పెద్ద గొడుగు కింద. అక్కడికి పోయేసరికి ఎవరికో బొచ్చె చేప కోసిస్తుంది. గిరాకీ పోయేదాక ఆగి పక్కన కూసున్న. సంగతి ఇంకింత పెద్దదని అప్పుడు తెలిసింది. వెంచర్లోళ్ళు చెరువుకు నీళ్ళొచ్చే కాలువలు పూడ్చుతున్నరని చేపలోళ్ళ సంఘం అంతకు కొన్ని దినాల ముందే మండలాఫీసు ముందట కూసున్నది. ఆమె కూడా వాళ్ళల్ల కూసున్నది. ఇగ ఇప్పుడు ఆమె బొమ్మే వెంచర్ బోర్డు మీద నవ్వుతాంది. సంఘపోళ్ళు మొఖం మీద అడుగుడు మొదలుపెట్టిన్రట, ఎంతకు ఒప్పుకున్నవని.

నాకు చేతనైనట్టు సమజాయించిన. పుస్తకం అందరికీ ఉత్తగ దొరకాలని ఒక ఒప్పందం చేసినం, ఆ ఒప్పందంల గిట్ల వాడుకునేటందుకు కూడా ఇజాజత్ ఉన్నది, నీ దగ్గర తీసుకున్న ఒప్పుదల వేరే, ఆ లైసెన్స్ వేరే అని. చెప్తాంటే నా మాటలు నాకే అర్థం లేనట్టు అనిపించినయి. ఆమె పొలుసు గీక్కుంట అన్నీ ఇన్నది. ఇని, కత్తిపీట పక్కకు పెట్టి అన్నది.

"సంఘపోళ్ళది నేను సూస్కుంట. పైసలు తీస్కోలే అని సెప్పిన, నమ్మితే నమ్మిన్రు. గని నేను నవ్వింది ఆయన మాటకు. గాడ ఆయనేడి? ఎవల్ని సూసి నవ్వుతున్న నేను?"

ఎవరు పెట్టిన్రో కనుక్కుంట అన్న. గదే కనుక్కో అన్నది.

బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసిన. ఒక పిల్ల ఎత్తి, విల్లా కావాల్నా ప్లాటు కావాల్నా అని అడిగింది. యజమానితోని మాట్లాడాలె అంటే ఇంకొకరికి కలిపింది, వాళ్ళు ఇంకొకరికి. ఆఖరుకు వచ్చిన గొంతు విని నేను ఫోన్ చెవు మీదికెల్లి తీసి చూసుకున్న. మా చిన్నాయిన కొడుకు. మా పొలం పక్కన వాళ్ళ పొలం అమ్మి, ఆ పైసలు వెంచర్ల పెట్టిండని విన్నగని, ఏ వెంచరో నాకు తెల్వదు.

"అక్కా, సూసినవా?" అన్నడు సంబురంగ. "నేనే ఫోన్ జేద్దామనుకుంటున్న. మనింటి ఆడిబిడ్డ రాసిన పుస్తకంల ఫొటో, మన బోర్డు మీద."

ఇగ ఏం తిట్టాలె. ఆఫీసుకు వస్తున్న, నాతోని ఇంకొకరు వస్తరు అని మాత్రం చెప్పిన.

ఆదివారం అక్కను ఆటోల ఎక్కించుకొని, అది మా రావల్కోల్ చిన్నాయిన కొడుకు వెంచరని తొవ్వల చెప్పుకుంట మేడ్చల్ పోయిన. హైవే పక్కపొంటి అద్దాల ఆఫీసు. లోపల టేబుల్ మీద అద్దం పెట్టెల విల్లాల నమూనా, అగ్గిపుల్లలంత చెట్లు. తమ్ముడు లేచి నిలబడి, కుర్చీలు వేయించి, చాయ్ చెప్పిండు. నేను మాట ఎత్తకముందే ఫోన్ తీసి నా పుస్తకం మొదటి పేజీ తెరిచి నా ముందట పెట్టిండు. నువ్వు గ్రూపుల పెట్టిన దాంట్లనే ఉన్నది అక్కా, ఎవరైనా వాడుకోవచ్చు, పేరు మాత్రం పెట్టాలె అని. మా డిజైన్ చేసేటామె చదివి చెప్పింది, నీ పేరు మరువద్దని నేనే గట్టిగ చెప్పిన అన్నడు. దాంట్ల అబద్ధం ఏం లేదు. మా గ్రూపుల నా పుస్తకం తెరిచి చూసిన ఒకే ఒక్క మనిషి వాడే కావచ్చు.

నేను చెప్పిన, ఫొటో మీద హక్కు ఒకటి, ఫొటోల ఉన్న మనిషి ఇంకొకటి, ఆ మనిషి దీనికి ఒప్పుకోలేదు అని. అప్పుడు అక్క దిక్కు సరిగ్గ చూసిండు. అంతదాక ఆమెను నాతోని ఊరికెనే వచ్చిన మనిషి అనుకున్నడు. బోర్డు మీది ఎర్ర చీరకూ, బొట్టు లేని ఈ మొఖానికీ పొంతన దొరకడానికి కొంచెంసేపు పట్టింది.

ఏ ఊరు పెద్దమ్మా అని అడిగిండు. ఆమె ఊరు చెప్పలేదు. మీ నాయినకు ఎరుకే, నీ పెండ్లికి చేపలు మా ఇంటాయననే తెచ్చిండు అన్నది. వాని మొఖం మారింది. మంచుగడ్డలు వేసి డబ్బాలల్ల తెచ్చిండు, మా బాపుతోని పొద్దుమూకేదాక ముచ్చట పెట్టిండు, ఆయననా అన్నడు. అవునన్నట్టు తల ఊపింది.

"మంచిగున్నడా పెద్దమ్మా?"

"లేడు. ఫొటోల ఉండె. అండ్లకెల్లి గూడ తీసేస్తిరి."

చాయ్ తెచ్చిన మనిషి కప్పులు పెట్టి పోయిండు. తమ్ముడు మెల్లగ తన సంగతి చెప్పుకున్నడు. తాను పుస్తకంల ఫొటో చూడలేదట, ఆఫీసుల కత్తిరించి పెట్టినదే చూసిండట, ఆయనను చూసి ఉంటే గుర్తుపట్టేటోన్నే అన్నడు. నేను నమ్మిన. తరువాత, రేపే కొత్త బోర్డు వేయిస్తా, ఇద్దరూ ఉండేటట్టు, మొత్తం ఫొటో పెట్టిస్తా అన్నడు. మనసుల నుంచి వచ్చిన మాటనే అది.

ఆమె నా దిక్కు చూసింది. ఇద్దరూ ఉంటె ఆమెకు ఊరట కావచ్చు, సంఘపోళ్ళకు ఇంకింత కోపం కావచ్చు, ఏది చెప్పినా మళ్ళ నేనే ఆమె తరుపున సంతకం పెట్టినట్టయితది. ఆమె చాయ్ మొత్తం తాగింది. కప్పు కింద పెట్టింది.

"వద్దు బిడ్డా. ఆయన గాడ ఎండకు వానకు నిలవడుడు ఎందుకు. ఇద్దరమూ వద్దు. నన్ను గూడ తీసెయ్యి."

సరే పెద్దమ్మా అన్నడు. తలుపుదాక వచ్చి సాగనంపిండు. వాపస్ వచ్చేటప్పుడు ఆటోల చెరువు కాడ దింపమన్నది, దిగి, కొంగుతోని మొఖం తుడుచుకొని, గొడుగు దిక్కు నడిచింది.

శామీర్‌పేట కాడి బోర్డు ఆ వారమే దిగింది. సంఘపోళ్ళు అది చూసి ఆమెను అడుగుడు మానేసిన్రని కోడలు చెప్పింది. కని ఫొటో ఒక్క బోర్డు మీదనే లేదని తరువాత తెలిసింది. కరపత్రాలల్ల ఉన్నది, వాళ్ళ ఫేస్‌బుక్ పేజీల ఉన్నది, గండిమైసమ్మ చౌరస్తాల ఇంకొక బోర్డు ఉన్నది. నేను ఉండేది బహదూర్‌పల్లిల. పొద్దున పోయేటప్పుడు, పొద్దుమూకి వచ్చేటప్పుడు ఆ చౌరస్తా దాటాల్సిందే. తమ్మునికి ఫోన్ చేస్తే, చెప్పిన అక్కా, బోర్డుల ఏజెన్సీ వేరే, వాళ్ళు తీస్తమన్నరు అనేటోడు. మళ్ళ చేసిన. మళ్ళ గదే మాట. కొన్నాళ్ళకు చేసుడు బందువెట్టిన. వానకాలం వచ్చేసరికి ఆమె మొఖం మీది రంగు ఎలిసిపోయింది. ఒక నాడు చూస్తే అక్కడ ఏదో స్కూలు బోర్డు ఉన్నది. ఎవరు తీసిన్రో, గడువు తీరి తీసిన్రో, మా కోసం తీసిన్రో నాకు తెల్వదు.

అదే కాలంల పబ్లిషర్లతోని ఉత్తరాలు నడిచినయి. వాళ్ళు మర్యాదగ రాసిన్రు. ఇచ్చిన లైసెన్స్ వాపస్ తీసుకునే వీలు లేదు, అయితే సవరించిన ప్రతిల ఈ ఫొటోలకు లైసెన్స్ వర్తించదు అని ఒక మాట చేర్చొచ్చు అన్నరు. దానికి అర్జీ పెట్టిన, కారణాలు రాసిన. మొదలు గడువులోపల కూసోదన్న కమిటీ ఇప్పుడు కూసున్నది. కూసొని, ప్రతి ఫొటోకు విడివిడిగ వివరణ అడిగింది. పరీక్ష పేపర్లు దిద్దుకుంట, మధ్యల మధ్యల ఆ వివరణలు రాసిన. చలికాలంల కొత్త ప్రతి వచ్చింది. ఫొటో కింద ఒక వాక్యం చేరింది, అంతే. పాత ప్రతిని అప్పటికే ఎక్కడెక్కడి వెబ్‌సైట్లోళ్ళో దించి పెట్టుకున్నరు. తీయండి అని అడిగేటందుకు లేదు, పాత లైసెన్స్ వాళ్ళకు ఆ హక్కు ఇచ్చింది.

అట్లని ఆ పుస్తకాన్ని తాళంల పెట్టాల్సి ఉండె అని కూడా అననీకె రాదు. అస్సాంల చేపల చెరువుల మీద పరిశోధన చేస్తున్న ఒకామె మెయిల్ రాసింది, ఉత్తగ దొరికింది కాబట్టే చదివిన, మా కాలేజీల ఇట్లాంటివి కొనరు అని. ఆమెకు జవాబు రాద్దామని కూసుంటే చేతులు రాలేదు. కొన్ని దినాలైనంక రెండు మాటలు రాసిన.

ఈ నడుమ మా కాలేజీల తోటి లెక్చరర్లకు ఈ రూళ్ళ గురించి చెప్పమన్నరు. చాలామందికి ప్రాజెక్టులు వస్తున్నయి, వాళ్ళకు కూడా ఇవే కాయితాలు వస్తున్నయి. నేను లైసెన్స్‌లు ఎన్ని తీర్లు ఉంటయో చెప్పిన. అమ్ముకోనీయనిది ఉంటది, మార్చనీయనిది ఉంటది, అడిగితే ఇస్తరు, కని మొదలే అడగాలె అన్న. మీ రాతకు ఏది పెట్టుకున్నా పెట్టుకోండ్రి, ఫొటోలల్ల ఉన్నోళ్ళ కాడికి పోయి, ఇది ఎంత దూరం పోతదో చెప్పి అడుగుండ్రి అన్న. ఎనుక వరుసల ఒకాయన చెయ్యి లేపి, అవన్నీ సరే మేడమ్, ఫారంల ఏ గడిల టిక్ పెట్టాలెనో గది చెప్పండ్రి అన్నడు. చెప్పిన. రాసుకున్నడు.

మొన్న చెరువు దిక్కు పోతే అక్క గొడుగు కింద కూసొని ఉన్నది. ఈయేడు సంఘపోళ్ళు చెరువుల ఇడిచిన చేప పిల్ల మంచిగ ఎదిగిందని, రవ్వ చేప వలకు బాగా పడుతుందని చెప్పింది. కాలువ సంగతి అడిగితే, ఒక దిక్కు తోడిన్రు, ఇంకొక దిక్కు అట్లనే ఉన్నదన్నది. ఒక చేప కోసి, కడిగి, కవర్ల కట్టి ఇచ్చింది. బస్సుల నా పక్కన కూసున్నామె వాసనకు ముక్కు మూసుకొని కిటికీ దిక్కు జరిగింది. నేను కవరును రెండు కాళ్ళ నడుమ పెట్టుకొని, ఇల్లు వచ్చేదాక కండ్లు మూసుకున్న.